పానా కొనే ముందు: అల్లుడికి మావయ్య ఉత్తరం

విజయనగరం

అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, పలాస నుంచి విశాఖకి జీడిపప్పు డబ్బాలు తోలడానికి నువ్వు పాత బొలెరో పికప్ తీసుకున్నావని చెప్పింది. నేను ముప్పయ్యేళ్లు ఇంకొకరి బండే నడిపాను. మనింట్లో సొంత బండి అనేసరికి వీధరుగు మీద అలాగే కూర్చుండిపోయాను. తర్వాత ఇంకో మాట కూడా వేసింది. "టైరు మార్చడం ఏముంది, బండిలో పానా ఉందిగా" అన్నావట. రాత్రి నిద్ర పట్టలేదు.

ఒరే, పాత బండితో వచ్చిన పానా ఆ బండిదేనని నీకెవరు చెప్పారు? ముందు దాన్ని తీసి వెలుతురులో నోట్లోకి చూడు. మూలలు గుండ్రంగా అరిగి ఉంటే పాత ఇనుముకి వేసెయ్. చిన్న బండ్ల చక్రాల నట్లకి ఎక్కువగా వచ్చేవి 19, 21 సైజులు. 2 మిల్లీమీటర్ల తేడా కంటికి ఆనదు. 19 నట్టు మీదకి 21 సాకెట్, అంటే నట్టుకి తొడిగే పానా నోరు, కూడా హాయిగా ఎక్కుతుంది. బలం పెట్టగానే మాత్రం నట్టు మూలలు కొరికేసి జారిపోతుంది. అందుకని నంబరు చెప్పి కొనకు. బండినే కొట్టు ముందు ఆపి, సాకెట్ నట్టుకి తొడిగి ఆడించి చూడు. లొడలొడలాడకూడదు. లోపల ఆరు మూలలున్నదే అడుగు. పన్నెండు మూలలది చూపిస్తాడు, తొడగడం సులువంటాడు, వద్దను. ఆరు మూలలదైతే నట్టుని పక్కల మీద పట్టుకుంటుంది.

ఇంత చాదస్తం ఎందుకంటావా? విను.

అప్పటికి మీ అమ్మకింకా పెళ్లి కాలేదు. నేను సాలూరు లారీ నడిపేవాణ్ణి. వీల్ పానా నోరు అరిగి నెల దాటింది. కొత్తది కొనమని ఓనరు డబ్బులు నా చేతిలోనే పెట్టాడు. సంక్రాంతి ముందర కదా, ఆ డబ్బుతో మీ అమ్మకి గాజులూ పరికిణీ గుడ్డా కొన్నాను. పానా వచ్చే ట్రిప్పుకి చూద్దాంలే అనుకున్నాను. ఆ ట్రిప్పులోనే, రాయపూర్ లోడుతో ఒడిశాలో సుంకి దాటి ఘాట్ దిగుతుంటే వెనక టైరు పోయింది. చీకటి. మంచు దిగుతోంది. పక్కనుంచి లారీలు హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి.

నట్టుకీ పానాకీ మధ్య సందులో నూనె డబ్బా రేకు మడిచి దోపాను. పిడికి మనిషెత్తు గొట్టం తొడిగాను. నేను తొక్కితే కదల్లేదు. క్లీనర్ గుంటడికి పదహారేళ్లుంటాయి, బక్కపలచన. "ఎక్కి గెంతరా" అన్నాను. వాడు నా మొహంకేసి చూసి "జారిపోద్దేటో అన్నా" అన్నాడు. "ఏటీ అవదు, ఎక్కు" అన్నాను. మొదటి గెంతుకి ఏమీ కాలేదు. రెండోదానికి పళ్లెం మీద మేకుతో గీసినట్టు చప్పుడైంది. రేకు చిరిగి పానా జారింది. వాడు తారు మీద కుడిచెయ్యి మోపి పడ్డాడు. గొట్టం ఎగిరి వాడి చెవి పక్కనుంచి వెళ్లి మడ్‌గార్డుకి తగిలింది. చెయ్యి మణికట్టు దగ్గర వంకర తిరిగిపోయింది. వాడు ఏడవలేదు. "అన్నా, నట్టు కదిలిందేటి?" అని అడిగాడు.

ఇప్పుడు వాడికి సొంతంగా టైర్ల కొట్టుంది. పోయినేడు సిరిమాను సంబరంలో కనబడి చెయ్యి కలిపాడు. ఆ మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు. ఆ రాత్రి సంగతి తలుచుకుని వాడు నవ్వుతాడు. నేను మాట మార్చేస్తాను.

కాబట్టి నువ్వు పానా మీద నిలబడ్డావని ఎవరైనా చెప్పారో, శ్రీకాకుళం వచ్చి మరీ తంతాను. రెండడుగుల పొడుగు రాడ్డు ఉంటే తొక్కే అవసరమే రాదు. కొట్లో బ్రేకర్ బార్ అంటారు. విప్పేటప్పుడు రాడ్డు నీకు ఎడమపక్కకి పెట్టి, అరచేతులతో కిందికి నొక్కు. వేళ్లు చుట్టి పట్టుకోకు, జారితే కణుపులు తారుకి తగులుతాయి.

చదునైన చోటు, హ్యాండ్ బ్రేకు, జాకీ ఎత్తకముందే నట్లు కాస్త వదులు చెయ్యడం ఇవన్నీ నీకు తెలిసినవే. చక్రానికి అడ్డం పెట్టిన రాయి మాత్రం పనయ్యాక తీసి పక్కన పడెయ్. రోడ్డు మీద వదిలేసి పోయే వాళ్లంటే నాకు ఒళ్లు మంట.

బిగించడం ఇంకో విద్య. నట్టు ఏటవాలు వైపు చక్రంలోకి ఉండాలి. ముందు చేత్తోనే తిప్పు. తర్వాత ఒకటి బిగించాక పక్కదానికి పోకుండా ఎదురుదానికి పో. ఎంత బిగువుండాలో బండి పుస్తకంలో రాసి ఉంటుంది. కార్లకి మామూలుగా 80 నుంచి 130 న్యూటన్ మీటర్ల లోపు. 100 అంటే మీటరు రాడ్డు చివర 10 కిలోలు వేలాడేసినట్టు. 60 కిలోల మనిషి అదే రాడ్డు చివర నిలబడితే దాదాపు 600. పెద్ద లారీ నట్టు తట్టుకుంటుందేమో గానీ, నీ బండి బోల్టు లోపల సాగిపోతుంది. ఎప్పుడో లోడుతో గోతిలో దిగినప్పుడు తెగుతుంది. మరలకి నూనె రాసినా ఇదే గొడవ, తెలియకుండానే ఎక్కువ బిగుస్తుంది. తుప్పుంటే ఇనప బ్రష్షుతో రుద్దు.

పంక్చర్ షాపులో గన్నుతో టర్రుమని బిగించేస్తారు. చివరి బిగువు చేత్తో చేస్తానని చెప్పు, నవ్వితే నవ్వనీ. రేపు నువ్వూ గన్ను కొంటే దానికి, ఆ దెబ్బలు తట్టుకునే నల్లటి ఇంపాక్ట్ సాకెట్లే వాడు. మెరిసే క్రోమ్ సాకెట్ ఆ దెబ్బలకి పగిలి మొహం మీదకొస్తుంది. చక్రం మార్చాక 50 కిలోమీటర్లు దాటగానే మళ్లీ ఓసారి బిగువు చూడాలి. పలాసలో మార్చావనుకో, మడపాం టోల్‌గేటు దగ్గర టీ తాగుతూ చూసుకో.

రేపు ఆర్టీసీ కార్గోలో నా రాడ్డూ, బిగువు కొలిచే టార్క్ రెంచీ పంపుతున్నాను. రెంచి బిగించడానికే, దాంతో నట్టు ఊడదీయకు. దాని మీద బండి పుస్తకంలోని అంకె పెట్టు, అంత బిగువు రాగానే టక్కుమంటుంది, అక్కడ ఆపు. పనయ్యాక దాని అంకె కిందికి దించి పెట్టు. సాకెట్ పంపడం లేదు, అది నువ్వే బండితో వెళ్లి కొనాలి. స్టెప్నీ విప్పే నట్టుకి కూడా వేసి చూసి నాకు ఫోన్ చెయ్.

గాజుల సంగతి మీ అమ్మ దగ్గర ఎత్తకు.

మీ మావయ్య