నాటకంతో బతకొచ్చా? బతకొచ్చు, కానీ ఊరికే ఆడొద్దు

డిగ్రీ చదువుతున్న ఒకబ్బాయి అడిగిన ప్రశ్న ఇది. స్కూల్ రోజుల నుంచి నాటకాలంటే ప్రాణమట, నాన్నగారేమో బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారట, నాటకాన్నే నమ్ముకుంటే ఇల్లు గడుస్తుందా అని.

గడుస్తుంది. నాకు గడుస్తోంది. హైదరాబాదులో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు డ్రామా నేర్పిస్తాను, సెలవుల్లో వర్క్‌షాపులు పెడతాను, పిలిచిన నాటక సమాజాలకు నాటికలు డైరెక్ట్ చేస్తాను. ఇంటి అద్దె ఏ నెలా ఆగలేదు. అయితే ఏ కోర్సు చదవాలి, ఎక్కడ చేరాలి అన్నదానికంటే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను చెబుతాను.

మన పరిషత్తు నాటకాలు, అంటే నాటక పోటీల్లో ఆడేవి, చూడండి. మగ ఆర్టిస్టుల్లో చాలామంది బ్యాంకులోనో, ఎల్‌ఐసీలోనో, స్కూల్లోనో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం రిహార్సల్‌కి వచ్చేవాళ్లే. చందాలు వేసుకుని మరీ ఆడతారు. పద్యనాటకంలో కృష్ణుడి వేషం కోసం ఎదురు డబ్బిచ్చేవాళ్లూ నాకు తెలుసు. అదే నాటకంలో ఆడవేషానికి వచ్చే ఆవిడకి మాత్రం పారితోషికం ఇవ్వాలి, రానూపోనూ ఛార్జీలివ్వాలి. ఎందుకంటే ఆవిడకి అది సరదా కాదు, బతుకుతెరువు. అందుకే నాటకంతో ఎలా బతకాలో మగవాళ్లని అడక్కండి. మన దగ్గర నాటకాన్ని ఉద్యోగంలా చేసి చూపించింది ఆడవాళ్లే.

మా పిన్ని అలాంటి మనిషి. గుంటూరు జిల్లా ఊళ్లలో పద్యనాటకాలు ఆడేది, ఎక్కువగా హరిశ్చంద్రుడి భార్య చంద్రమతి వేషం. వేసవి సెలవుల్లో ఆమె మేకప్ పెట్టె మోసుకుంటూ వెంట తిరిగేదాన్ని.

ఒక ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో హరిశ్చంద్ర ఆడాలి. రంగు వేసుకోవడానికి స్కూల్లో ఒక గది ఇచ్చారు. మాట్లాడుకున్న డబ్బులో సగమే తెచ్చాడు కమిటీ పెద్ద. "మిగతాది పొద్దున్న చూసుకుందాం లేమ్మా, ఎక్కడికి పోతాం" అన్నాడు. పిన్ని పెట్టె మూత తియ్యలేదు. బయట ప్రార్థన అయిపోయింది. హార్మోనియం ఆయన ఒక కీర్తన, దాని మీద ఇంకో కీర్తన వాయిస్తూ జనాన్ని ఆపుతున్నాడు. ఈలలు మొదలయ్యాయి. కమిటీ వాళ్లు ఒకళ్ల తర్వాత ఒకళ్లు గదిలోకొచ్చారు. దేవుడి కార్యం అన్నారు, ఊరి పరువు అన్నారు. ఒకాయనైతే గుమ్మంలో నిలబడి "కళ మీద అభిమానం లేదా నీకు?" అని అరిచాడు.

పిన్ని గొంతు పెంచలేదు. "కట్టుకున్న పెళ్లాం కన్నకొడుకు శవాన్ని ఎత్తుకొస్తేనే కాటిసుంకం లేనిదే కాల్చనివ్వడు బాబూ హరిశ్చంద్రుడు. నేను మీకేమవుతానని వదిలేసుకోమంటున్నారు?" అంది.

డబ్బు వచ్చింది. లెక్కపెట్టి నా చేతికిచ్చి, లంగా బొడ్లో దోపుకోమంది. ఆ తర్వాతే అద్దం తీసింది. తెల్లవారుజామున కాటి సీను. లోహితాస్యుడి వేషం వేసిన పిల్లాడు అప్పటికే నిజంగా నిద్రపోయాడు. వాణ్ణి భుజాన వేసుకుని పిన్ని పద్యం ఎత్తుకుంటే పందిరంతా ఏడ్చింది, ఆ వెంటనే వన్స్‌మోర్ అంటూ లేచింది. అదే పద్యం మళ్లీ పాడింది, మొదటిసారి కంటే బాగా పాడింది. మరుసటి ఏడాది కూడా ఆ ఊరివాళ్లు ఆమెనే పిలిచారు. ఈసారి డబ్బు మనిషి చేత ముందే పంపించారు.

డబ్బు అడిగితే కళ మీద ప్రేమ తగ్గినట్టు కాదని నాకు ఆ రాత్రే అర్థమైంది. ఊరికే ఆడేవాడి నాటకాన్ని జనం కూడా ఊరికే చూస్తారు, మధ్యలో లేచిపోతారు. తెలుగు నాటకం వెనకబడిందంటే కారణం సినిమా కాదు, టీవీ కాదు. "ప్రవేశం ఉచితం" అన్న బోర్డు. ఇది నా గట్టి నమ్మకం. సభల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆరున్నరకి నాటకం అంటారు, ఎనిమిదిదాకా ఉపన్యాసాలు, సన్మానాలు, శాలువాలు. మేకప్ వేసుకున్న ఆర్టిస్టులు వింగుల్లో చెమటలు కక్కుతూ నిలబడతారు. ఆ శాలువాల ఖర్చు వాళ్లకి పారితోషికంగా ఇస్తే ఎంత బాగుంటుంది!

సురభి నాటక సమాజం వాళ్లని చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు కీచకవధతో మొదలుపెట్టారు. అప్పట్లో మిగతా చోట్ల ఆడవేషాలు మగవాళ్లే వేసేవాళ్లు, సురభిలో మాత్రం ఇంటి ఆడవాళ్లే వేదికెక్కారు. అమ్మ, నాన్న, పిల్లలు, అందరిదీ అదే పని. టికెట్టు పెట్టి ఆడారు. కష్టాలు లేవని అనను, చాలా పడ్డారు. కానీ తరతరాలుగా నిలబడ్డారు. వాళ్లలోంచే సురభి బాబ్జీగారికి 2013లో పద్మశ్రీ వచ్చింది.

ఇక మీ చదువు సంగతి. డిగ్రీ మాత్రం పూర్తి చేయండి. పీజీలో చేరాలన్నా, దిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకి వెళ్లాలన్నా అది కావాలి. దిల్లీది మూడేళ్ల కోర్సు. అప్లై చేయాలంటే ముందే కొన్ని నాటకాల్లో పనిచేసిన అనుభవం చూపించాలి. కాబట్టి ఇప్పుడు మీ కాలేజీలో ఆడే ప్రతి నాటకం కరపత్రం, ఫొటో దాచుకోండి. మన దగ్గరే చదవాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్‌లో పీజీ ఉంది, నేను చదివింది అక్కడే. వైజాగ్‌లో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. హైదరాబాదులో తెలుగు యూనివర్సిటీ ఉంది, ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డిగారి పేరు పెట్టారు.

అక్కడికి వెళ్లాక నటన ఒక్కటే పట్టుకు వేలాడకండి. లైటింగ్ నేర్చుకోండి, మేకప్ నేర్చుకోండి, పిల్లలతో పనిచేయడం నేర్చుకోండి. నటులు కావాలనుకునేవాళ్లు వందమంది దొరుకుతారు. డిమ్మర్ బోర్డు దగ్గర కూర్చుని నాటకానికి తగ్గట్టు వెలుగు వేసేవాడు ఒక్కడు దొరకడం కష్టం, అందుకే పరిషత్తు పోటీల సీజన్లో అలాంటివాళ్లకి ఒక్క రోజు కూడా ఖాళీ ఉండదు. నాకు నెల జీతం వస్తున్నది కూడా పిల్లలకి నేర్పడం వల్లే. సిగ్గుతో గొంతు పెగలని పిల్లాడు నెలరోజుల్లో వేదిక మీద నిలబడి గట్టిగా మాట్లాడితే తల్లిదండ్రులు ఫీజుకి వెనకాడరు. యాన్యువల్ డేకి మాత్రం సినిమా పాటకి డాన్సే కావాలంటారు, ఆ గొడవ ప్రతి ఏడాదీ పడుతూనే ఉన్నాను.

ఇంకొకటి. "సినిమాల్లో ఎప్పుడు కనిపిస్తావు?" అని చుట్టాలందరూ అడుగుతారు. నాటకం సినిమాకి మెట్టు కాదు. సినిమాలే కావాలనుకుంటే అటే వెళ్లండి, అందులో తప్పేం లేదు. కానీ మధ్యలో నాటకాన్ని వెయిటింగ్ రూమ్‌లా వాడుకోకండి. అలా వచ్చినవాళ్లు సరిగ్గా ప్రదర్శన ముందు రోజు ఆడిషన్ ఉందని మాయమైతే మా సమాజాల్లో ఎంత టెన్షనో పడేవాళ్లకే తెలుసు.

నాన్నగారితో పోట్లాడకండి. ఆయన అడుగుతున్నది జీతం గురించి, అది న్యాయమైన ప్రశ్నే. ఈసారి ఎవరైనా నాటకానికి పిలిస్తే ఎంతిస్తారని ముందు అడగండి. ఐదొందలైనా సరే, తీసుకుని ఆయన చేతిలో పెట్టండి.