అమెరికాలో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ వాళ్లు మాత్రమే విడిగా యూనియన్‌లో చేరొచ్చా?

చేరొచ్చు. కానీ గ్యారంటీ లేదు. ఎవరెవరు ఒక బార్గెయినింగ్ యూనిట్ (యూనియన్ ద్వారా కంపెనీతో కలిసి బేరమాడే కార్మికుల గుంపు) అవుతారో తేల్చే అధికారం 1935 చట్టం ప్రకారం జాతీయ కార్మిక సంబంధాల బోర్డుది. ట్రైనింగ్ ఏమిటి, సూపర్‌వైజరు ఎవరు, జీతం లెక్క వేరా, ఒకరి పని ఇంకొకరు చేస్తారా, ఇవన్నీ బోర్డు చూస్తుంది.

టెనెసీ రాష్ట్రం చట్టనూగాలోని ఫోక్స్‌వ్యాగన్ ప్లాంటునే తీసుకోండి. 2014లో కార్మికులందరి ఓటింగ్‌లో యూఏడబ్ల్యూ అనే ఆటో కార్మికుల యూనియన్ ఓడిపోయింది. 2015 డిసెంబరులో రోబోలు, యంత్రాలు బాగుచేసే సుమారు 160 మందికే ఓటింగ్ పెడితే 108-44తో గెలిచింది. కంపెనీ మాత్రం అసెంబ్లీ లైను వాళ్లను వదిలేసి వీళ్లనొక్కళ్లనే విడదీయడం కుదరదంటూ బేరానికి కూర్చోలేదు. కోర్టుల్లో ఏళ్లు గడిచాయి. చివరికి 2019లో యూనియనే ఆ చిన్న యూనిట్‌ను వదులుకుంది. 2024లో కార్మికులందరికీ పెట్టిన ఓటింగ్‌లో గెలిచింది.

ఇప్పటికే పెద్ద యూనిట్‌లో ఉండి బయటికి రావడం ఇంకా కష్టం. 1966 నాటి మాలింక్‌రాట్ కేసులో యురేనియం ప్లాంటు ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌లు అదే కోరారు. వాళ్ల నైపుణ్యాన్ని బోర్డు కాదనలేదు. పని ఉత్పత్తితో బాగా ముడిపడి ఉందని, పాతికేళ్లుగా అందరితో కలిసే బేరమాడుతున్నారని చెప్పి పిటిషన్ కొట్టేసింది.

ఇంకో మాట, బోర్డు సభ్యులు మారితే యూనిట్‌ను తేల్చే కొలబద్ద కూడా మారుతుంది. 2011లో ఒకటి, 2017లో ఇంకొకటి, 2022లో మళ్లీ 2011 నాటిదే! పిటిషన్ వేసే ముందు ఇప్పుడు ఏది నడుస్తోందో లాయరును అడగండి.