ఆ ముఖం చూసి అలక అనుకోకు

సుధా,

నాన్నను నీ దగ్గరికే తెచ్చుకుంటున్నావని మీ తమ్ముడు ఫోన్లో చెప్పాడు. వినగానే గర్వంగా అనిపించింది. ఫోన్ పెట్టేశాక భయం పట్టుకుంది. పార్కిన్సన్స్ ఉన్న మనిషితో పదకొండేళ్ళు గడిపినదాన్ని, ఊరికే ఉండలేక రాస్తున్నాను.

అందరూ చెప్పేవి ముందు చెప్పేస్తాను. న్యూరాలజిస్టుకు చూపించే తేదీలు తప్పించకు. నడక, వ్యాయామం మానిపించకు. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీలు పెట్టించు, కాళ్ళకు అడ్డం పడే పట్టాలు తీసెయ్యి.

ఇక నా తప్పు సంగతి. ఈ జబ్బంటే చేతులు వణకడమేనని అందరిలాగే నేనూ అనుకునేదాన్ని. మీ పెదనాన్నకు మొదట్లో వణుకే లేదు. నాకు కనిపించిందల్లా ఆయన ముభావం. నేనేదైనా చెబుతుంటే రెప్ప కూడా సరిగ్గా వెయ్యకుండా చూసేవారు. గొంతు తగ్గించి మాట్లాడేవారు. నడుస్తుంటే కుడి చెయ్యి ఊగేది కాదు, ఏదో బరువు మోస్తున్నట్టు ఒంటికి అంటుకుపోయి ఉండేది. ఒకరోజు పొయ్యి మీద గిన్నె మాడి ఇల్లంతా పొగ వాసన. ఆయన పక్కగదిలో కూర్చుని తాపీగా పేపరు చదువుకుంటున్నారు. "ఇల్లు తగలబడినా మీకు పట్టదా?" అని ఎన్ని మాటలన్నానో. పార్కిన్సన్స్‌లో వాసన తెలియకపోవడం వణుకు కన్నా ఏళ్ళ ముందే మొదలవుతుందని అప్పుడు నాకెవరు చెప్పారు!

ఆ ఏడాది అందరం కలిసి తీయించుకున్న ఫోటో చేతికొచ్చింది. అందరూ నవ్వుతున్నారు, ఆయన తప్ప. "మా వాళ్ళతో ఫోటో అంటే అంత కష్టంగా ఉందా?" అన్నాను. ఆయన ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "నేను నవ్వాను కదా" అన్నారు. వెక్కిరిస్తున్నారనుకుని నెల రోజులు సరిగ్గా మాట్లాడలేదు. మొత్తం మీద అలాంటి నెలలు రెండేళ్ళు.

చివరికి పట్టించింది సంతకం. బ్యాంకు వాళ్ళు సంతకం కలవడం లేదని చెక్కు వెనక్కి పంపారు. డాక్టరు కాగితమిచ్చి ఒక వాక్యం రాయమంటే, మొదటి అక్షరాలు మామూలుగా ఉండి, వరస చివరికి వచ్చేసరికి చీమలంత అయ్యాయి. మెదడులో డోపమిన్ అనే రసాయనం తయారుచేసే కణాలు తగ్గిపోతాయని, దానితో కదలికలన్నీ నెమ్మదిస్తాయని, ముఖంలో కండరాలు కూడా అందుకు మినహాయింపు కాదని ఆయన విడమర్చి చెప్పారు. తర్వాత నా వైపు తిరిగి, "ముఖంలో నవ్వు ఎప్పటి నుంచి తగ్గిందమ్మా?" అని అడిగారు. ఏం చెప్పను?

1817లో లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ అనే డాక్టరు ఈ జబ్బు గురించి మొదటిసారి వివరంగా రాశాడట. ఆరుగురి గురించి రాస్తే అందులో కొందరు వీధిలో ఎదురైనవాళ్ళే. ఆయన దారిన పోయేవాళ్ళలో గుర్తుపట్టింది నేను ఇంట్లో ఉన్న మనిషిలో గుర్తుపట్టలేకపోయాను.

కాబట్టి మీ నాన్న ముఖం చూసి ఆయన మనసు లెక్కగట్టకు. బాగుందా, విసుగ్గా ఉందా, నోటితో అడుగు. జవాబు ఆలస్యంగా వస్తుంది, ఆగు. నువ్వు చిన్నప్పటి నుంచీ ఎదుటివాళ్ళ మాట పూర్తిచేసే రకం. ఆ అలవాటు మానుకో తల్లీ.

మాత్రల టైము విషయంలో మాత్రం ఎవరి మాటా వినకు. ఒకసారి వేరే జబ్బుతో ఆసుపత్రిలో చేర్చితే, డోపమిన్ లోటు తీర్చే లెవోడోపా మాత్ర వాళ్ళకు వీలైనప్పుడు ఇచ్చారు. సాయంత్రానికి ఆయన మంచం మీద పక్కకు తిరగలేకపోయారు. టైములు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకో. ఆ మాత్ర ఉన్నపళంగా ఆపకూడదు. మాంసకృత్తులు ఎక్కువున్న భోజనంతో కలిపి వేస్తే కొందరికి సరిగ్గా పనిచెయ్యదు, ఎంత ఎడం ఉంచాలో డాక్టర్నే అడుగు. వాంతులకు మెటోక్లోప్రమైడ్ రాస్తే జబ్బు పేరు చెప్పి వేరేది అడుగు, అది డోపమిన్‌కు అడ్డం పడుతుంది.

గుమ్మం దగ్గర కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతారు. అప్పుడు చెయ్యి పట్టి లాగకు, పడిపోతారు. నేను లాగాను, ఇద్దరం పడ్డాం. ఒక్క క్షణం నిలబడనిచ్చి, ఒకటి, రెండు అని లెక్కపెట్టు, లేదా నేల మీద గీత ఉన్నట్టు ఊహించుకుని దాటమను. మేము నిజంగానే రంగు టేపు అంటించాం. రాత్రిపూట లేచినప్పుడు కాసేపు మంచం అంచున కూర్చోబెట్టు. నిలబడగానే బీపీ పడిపోయి కళ్ళు తిరగవచ్చు. లైటు ఆర్పకు. రాత్రుళ్ళు నాకిప్పటికీ ఏదో పడిన చప్పుడు వినిపించినట్టే ఉంటుంది, అందుకే ఇంతగా చెబుతున్నాను.

గదిలో ఎవరో పిల్లలున్నారని ఆయనంటే వాదించకు, భయపడకు. జబ్బు వల్లా కావచ్చు, మందుల వల్లా కావచ్చు. డాక్టరుకు చెప్పు. నీళ్ళు తాగుతూ తరచు దగ్గుతుంటే అదీ చెప్పు.

ఉద్యోగం మానేస్తానంటున్నావట. అది మాత్రం నాకు నచ్చలేదు. అన్నీ నేనే చెయ్యాలని మొండికేసి నడుం పాడుచేసుకున్నాను, ఆ విసుగంతా ఆయన మీదే చూపించాను. సగం రోజుకు మనిషిని పెట్టుకో. మీ తమ్ముణ్ణి కూడా వంతు వేసుకోమను, నేను చెప్పానని చెప్పు.

ఆదివారం ఫోన్ చేస్తాను. పొద్దుటి మాత్ర పనిచెయ్యడం మొదలయ్యాక నువ్వే ఒక మెసేజ్ పెట్టు, అప్పుడు చేస్తాను. ఫోన్ నాన్నకే ఇవ్వు. ఆయన మాట వినిపించకపోతే మళ్ళీ అడుగుతాను, నువ్వు మధ్యలో అందుకోకు.

మీ పెద్దమ్మ