విజయవాడలో 2013 నాటి డీజిల్ స్విఫ్ట్: బయానా ఇచ్చే ముందు చూడవలసినవి

70 వేల కిలోమీటర్లే తిరిగిందని యజమాని చెబుతున్న 2013 నాటి డీజిల్ స్విఫ్ట్‌ను విజయవాడలో కొనవచ్చా అని అడిగారు. ముందుగా కాగితాలు చూడండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే చెల్లుతుంది కనుక 2028లో ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, రుసుము కట్టి పొడిగించుకోవాలి. ఆ ఖర్చును ఇప్పుడే బేరంలో లెక్కించండి. ఆర్‌సీలో ఫైనాన్స్ సంస్థ పేరు ఇంకా ఉంటే, అప్పు తీరిందన్న నోటిమాట చాలదు. ఆ సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆర్‌సీలోంచి అప్పు నమోదును తీసేయించే ఫారం 35 చూపించేదాకా బయానా కూడా ఇవ్వకండి.

మీ ఊరి బండి విషయంలో నాకు అసలు భయం వరద నీటి గురించే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఎన్నో వాహనాలు మునిగాయి. కడిగి, సీట్ కవర్లు మార్చిన కారును పైపైన చూసి గుర్తుపట్టలేము కాబట్టి, సీటు బెల్టును చివరిదాకా లాగి, ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే భాగంలో బురద మరక ఉందేమో చూడండి. కార్పెట్ ఎత్తి సీటు బోల్టుల తుప్పును, స్టెప్నీ గుంతలో ఒండ్రును కూడా వెతకండి.

మీటరు అంకెను నమ్మకుండా సర్వీస్ రికార్డుతో పోల్చండి. పెడల్ రబ్బర్లు నున్నగా అరిగిపోయి ఉంటే 70 వేల మాట అనుమానించవలసిందే. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మీరే స్టార్ట్ చేయాలి, ముందే వేడి చేసి ఉంచితే మరో రోజు వస్తానని చెప్పండి. నీలిపొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ మండుతోందని అర్థం, ఆ బండి వద్దు.

అన్నీ సరిపోతే బండిని మీ పేరుకు మార్చే ఫారం 29, 30లపై సంతకాలు తీసుకుని, బండి బదిలీ అయిన 14 రోజుల్లోగా బీమా బదిలీకి దరఖాస్తు చేయండి.