చిట్టితల్లికి అత్తయ్య రాయునది

చిరంజీవి చిట్టితల్లికి అత్తయ్య ఆశీస్సులు.

ఉగాదికి మీ అపార్ట్‌మెంట్ వాళ్ల కార్యక్రమంలో సినిమా పాట పాడబోతున్నావనీ, అందుకోసం రోజూ రాత్రి తలుపు వేసుకుని గొంతులో వైబ్రాటో, అదే దీర్ఘం తీసేటప్పుడు స్వరం సన్నగా ఊగడం, తెప్పించుకునే సాధన చేస్తున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఉద్యోగంలో చేరాక పాటకు నీళ్లొదిలేశావేమో అనుకున్నదాన్ని, ఆ మాట వినగానే ఎంత పొంగిపోయానో చెప్పలేను. కానీ ఆ వెంటనే వాడు నవ్వుతూ, "చేత్తో పొట్ట నొక్కుకుంటూ, గడ్డం ఊపుతూ పాడుతోందక్కా" అన్నాడు. అప్పటి నుంచీ నా మనసు మనసులో లేదు.

శ్రుతి పెట్టుకుని కూర్చో, నడుము వంచకు, నీళ్లు తాగుతూ ఉండు, గొంతు అలిసిన రాత్రివేళ సాధన వద్దు. ఇవి నీకు చెప్పనక్కరలేదు.

నీకు తెలియనిది మీ చిన్నత్త సంగతి. మా తోబుట్టువులందరిలోనూ కంఠమంటే దానిదే. రేడియోలో లలిత సంగీతం ఆడిషన్‌కు దరఖాస్తు పెట్టిన రోజుల్లో, పాదం చివర స్వరం వణికితేనే పాటకు అందమని ఎవరో దాని చెవిలో వేశారు. ఆ వణుకు ఎలా పుడుతుందో చెప్పినవారు లేరు కనుక, అది దవడతో పుట్టించడం మొదలుపెట్టింది. దీర్ఘం తీసిన ప్రతిసారీ గడ్డం కింది చర్మం కప్ప గొంతులా కొట్టుకునేది. నాలుక మొదలు బిగిసిపోయి "ఆ" కాస్తా "ఏ" అయ్యేది. కొన్నాళ్లకు పొద్దున లేచేసరికి గొంతు బొంగురు. వేడి చేసిందని అమ్మ మిరియాల పాలు ఇచ్చేది, అది తాగి మళ్లీ హార్మోనియం ముందు కూర్చునేది. తారస్థాయి షడ్జం, అంటే పై "స", చీలిపోతుంటే, సాధన చాలలేదనుకుని ఇంకా గట్టిగా ఒత్తి పాడేది. చివరికి గొంతు డాక్టరు అద్దం పెట్టి చూసి, గొంతులో కంపించి ధ్వని పుట్టించే రెండు స్వరతంత్రుల అంచులమీదా చిన్న బొడిపెలు లేచాయనీ, కొన్నాళ్లు అరవడం, పాడడం పూర్తిగా మానాలనీ చెప్పాడు. ఆడిషన్ తేదీ అలాగే దాటిపోయింది. మాట బాగుపడింది, మధ్యస్థాయి తిరిగి వచ్చింది, పై స్వరాలు మాత్రం మునుపటిలా పలకలేదు. ఇప్పటికీ పెళ్లిళ్లలో మంగళహారతి అందుకోమంటే నన్ను ముందుకు తోస్తుంది. అది సిగ్గనుకుని నీవెన్నోసార్లు ఆటపట్టించావు. నీ తప్పు లేదులే, మేమే చెప్పలేదు.

అందుకని అడుగుతున్నాను, దవడ జోలికి, పొట్ట జోలికి పోకు. వైబ్రాటో అన్నది ఊపిరి నిలకడగా ఉండి, స్వరతంత్రులను బిగించి వదిలే చిన్న కండరాల మీద ఒత్తిడి లేనప్పుడు వాటంతట అవి ఆడడం వల్ల వస్తుంది. సాధన చేసిన గొంతులో ఆ ఊపు సెకనుకు సుమారు 5 నుంచి 7 సార్లు ఉంటుంది. అంతకన్నా నెమ్మదిగా, వెడల్పుగా ఊగితే అలిసిన గొంతులా వినిపిస్తుంది. మరీ వేగమైతే భయపడుతున్నట్టు ఉంటుంది.

ముందు మంద్ర పంచమం, అంటే కింది స్థాయి "ప", నుంచి ఒక్కొక్క స్వరమే అకారంతో, "ఆ" అంటూ, ఏ ఊపూ లేకుండా పట్టు. సన్నగా మొదలుపెట్టి, నిండుగా పెంచి, మళ్లీ సన్నబరచు, శ్రుతి జారకూడదు. చూపుడు వేలు గడ్డం మీద ఆనించి పాడు, వేలు కదిలిందంటే అక్కడికి ఆపేయి. ఇది కుదిరాక మాయామాళవగౌళ రాగంలోని షడ్జాన్నీ (స), దాని పక్కనే ఉన్న శుద్ధ రిషభాన్నీ (రి) తాళానికి నెమ్మదిగా మార్చి మార్చి పలికి, కాస్త కాస్త వేగం పెంచి, చివరికి ఆ ప్రయత్నం వదిలేసి ఒక్క షడ్జం మీదే నిలబడు. వదిలేసిన ఆ క్షణంలో గొంతులో తనంతట తానుగా చిన్న అల లేస్తే, అదే నీకు కావలసింది. లేవకపోతే మరునాడు చూద్దువుగాని. ఉగాదికి రాకపోయినా కొంప మునగదు, నిలకడైన స్వరంతో పాడిన పాటను ఎవరూ కాదనరు.

మరొక్క మాట. తోడి రాగంలో గాంధారం (గ) ఊగడం వేరు, ఈ వైబ్రాటో వేరు. అక్కడ ఊపు ఎంత ఉండాలో, ఏ స్వరాన్ని తాకి రావాలో రాగం నిర్ణయిస్తుంది, గాయని ఇష్టం కాదు. షడ్జ పంచమాలు అచల స్వరాలని, అంటే కదలనివని, చిన్నప్పుడే చెప్పించుకున్నావు కదా. కీర్తనలో వాటి మీద ఈ సినిమా ఊపు తగిలించావో, మీ నాన్న ముచ్చటపడినా నేను ఊరుకోను.

బొంగురు రెండు వారాలు దాటితే మిరియాల పాలతో సరిపెట్టక గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లు. నొప్పి ఉన్న రోజున పాడకు. గుసగుసగా మాట్లాడడమూ గొంతుకు శ్రమే, ఊరికే ఉండు. ఈ ఆదివారం నీ అకారం ఫోనులో రికార్డు చేసి పంపించు తల్లీ, ఎకో పెట్టకుండా.

ఇట్లు,
మీ అత్తయ్య