మగ్గాలు బిగించే ముందు చెవుల గురించి

తిరుపతి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నగరిలో ఇంటి వెనక స్థలంలో రేకుల షెడ్డు వేసి 8 పవర్‌లూమ్‌లు దింపుతున్నావని, నేతకు నలుగురు కుర్రవాళ్లను మాట్లాడుకున్నావని మీ అమ్మ మొన్న ఫోనులో చెప్పింది. ఆ మాటల్లో సగం మీ అత్తయ్య నా పక్కన కూర్చుని గట్టిగా తిరిగి చెబితేగాని నాకు అందలేదు. అప్పు సంగతి, నూలు ధర సంగతి నీకు నాకంటే బాగా తెలుసు కనుక వాటి జోలికి పోను. 34 ఏళ్లు మగ్గాల మధ్య, మొదట నేతగాడిగా, తరువాత మేస్త్రీగా పనిచేసినవాడిగా నీకు నేను చెప్పగలిగినది చెవుల సంగతి ఒక్కటే. అది కూడా పునాది బోల్టులు బిగించక ముందే చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాకు పూర్తిగా చెవుడు రాలేదు. చాలామంది అపోహపడేది ఇక్కడే. లారీ హారన్ వినిపిస్తుంది, గుడి గంట వినిపిస్తుంది, మనిషి మాట్లాడుతున్నాడన్నది కూడా తెలుస్తుంది, కానీ ఏమి మాట్లాడుతున్నాడో తెలియదు. భోజనం దగ్గర మీ అత్తయ్య "పప్పు" అంటే నాకు "కప్పు" అన్నట్లుంటుంది, ఒక్కోసారి "తప్పు" అన్నట్లుంటుంది. మాటలోని అచ్చులు మోటు శబ్దాలు కనుక నిలబడతాయి, హల్లుల్లో సన్నగా పలికేవి ముందుగా పోతాయి. పెద్ద చప్పుడు వల్ల వచ్చే లోపం మొదట 4,000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నని శబ్దాల దగ్గర మొదలవుతుంది. అందువల్లనే తొలి పదేళ్లు మనిషికి తన లోపం తెలియదు, ఎదుటివాళ్లే సరిగా మాట్లాడటం లేదనుకుంటాడు. నేనూ అలాగే అనుకుని మీ అత్తయ్యను ఎన్నోసార్లు కసురుకున్నాను.

నేను ఇరవై ఏళ్ల వయసులో చేరిన షెడ్డులో మొదటి వారం రాత్రి షిఫ్టు దిగి బయటకు వస్తే చెవుల్లో గుయ్‌మనే మోత ఉండేది, తెల్లవారేసరికి తగ్గేది. యజమానికి చెబితే "అలవాటైపోతుందిలే" అన్నాడు. పాతవాళ్లూ అదే చెప్పారు. కొన్ని నెలలకు మోత గురించి పట్టించుకోవడం మానేశాను, అలవాటైందనే అనుకున్నాను. నీ కుర్రవాళ్లకు ఈ మాటను మాత్రం ఎన్నడూ చెప్పవద్దని నా మనవి. చెవి చప్పుడుకు అలవాటుపడదు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే భాగంలో, పాఠ్యపుస్తకాల్లో కర్ణావర్తం అంటారే, అక్కడ సన్నని నూగు గల కణాలు వరుసలుగా ఉంటాయి. ఒక రోజు చప్పుడుకు అవి అలసిపోతాయి, విశ్రాంతి దొరికితే కోలుకుంటాయి. రోజూ అదే దెబ్బ తగిలితే చచ్చిపోతాయి. చచ్చిన కణం మనిషిలో మళ్లీ పుట్టదు, మందుతోనూ ఆపరేషన్‌తోనూ రాదు. మొదటి వారం నాకు వినిపించిన మోత చెవి చేసిన ఫిర్యాదు. తరువాత చప్పుడు తక్కువగా అనిపించిందంటే నాకు వినికిడి తగ్గిందని అర్థం.

ఇప్పుడు లెక్కలు చెబుతాను, కాస్త ఓపికగా చదువు. నాడె, అంటే పేక నూలును అటూ ఇటూ మోసే షటిల్, నడిచే మగ్గంలో దాన్ని తన్నే కర్ర (పికింగ్ స్టిక్) కొట్టే దెబ్బ, నాడె అవతలి పెట్టెలో తగిలి ఆగే దెబ్బ నిమిషానికి 150 చొప్పున వేసుకున్నా, 8 గంటల్లో ఒక్క మగ్గమే 72,000 సార్లు కొడుతుంది. అటువంటి షెడ్లలో చప్పుడు సాధారణంగా 95 నుంచి 105 డెసిబెల్స్ దాకా ఉంటుంది. మన దేశంలో ఫ్యాక్టరీలకు పెట్టిన మాదిరి నియమాల ప్రకారం చెవికి ఏ రక్షణా లేకుండా 90 డెసిబెల్స్‌లో 8 గంటలు, 95లో 4 గంటలు, 100లో 2 గంటలు మాత్రమే ఉండవచ్చు. అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ ఇంకా కఠినంగా, 85 దగ్గర 8 గంటలు అని మొదలుపెట్టి ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయాన్ని సగం చేస్తుంది. ఆ లెక్కన 100 దగ్గర 15 నిమిషాలే. నా చెవులను చూసుకుంటే నాకు ఈ రెండో లెక్కే నమ్మదగినదిగా కనిపిస్తున్నది.

నలుగురు పనివాళ్లే కదా, మనకు ఫ్యాక్టరీ చట్టం ఎక్కడ వర్తిస్తుందని అనుకుంటావేమో. 1948 నాటి ఫ్యాక్టరీ చట్టం కరెంటుతో నడిచేచోట 10 మంది ఉంటేనే ఫ్యాక్టరీ అన్నది, 2025లో దాని స్థానంలో అమలులోకి వచ్చిన కోడ్ 20 మంది అన్నది, నిజమే. అయితే పనివాళ్ల పరిహారానికి 1923లో వచ్చిన చట్టంలోనూ, 2025లో దాని స్థానంలో అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ మూడో షెడ్యూల్లోని వృత్తి వ్యాధుల్లో శబ్దం వల్ల కలిగే వినికిడి లోపం కూడా ఉన్నదని తెలిసి ఉండు. చట్టం మాట అలా ఉంచినా, మగ్గం పక్కన నిలబడ్డవాడి చెవికి షెడ్డులో ఎందరున్నారన్నదానితో సంబంధం లేదు.

ఇంకొక విషయం. 4 మగ్గాలే వేస్తే చప్పుడు సగమైపోతుందని అనుకోకు. సమాన దూరంలో ఉన్న మగ్గాలు రెట్టింపైనప్పుడల్లా 3 డెసిబెల్స్ పెరుగుతాయి. ఒక్కటి 90 ఇస్తే రెండు 93, నాలుగు 96, ఎనిమిది 99. వెనక్కి వచ్చినా అంతే, సగం మగ్గాలు ఆపితే తగ్గేది 3 మాత్రమే. కాబట్టి ప్రతి మగ్గం చప్పుడునూ దాని దగ్గరే తగ్గించాలి. నాడెను తన్నేచోట అరిగిన పిక్కర్‌ను, దెబ్బను మింగాల్సింది పోయి గట్టిపడిపోయిన బఫర్‌ను వారంవారం చూసి మార్చు, వదులైన బోల్టును ఆ రోజే బిగించు, గేర్లకు గ్రీజు ఎండనివ్వకు. మగ్గం కాళ్ల కింద రబ్బరు ప్యాడ్లు వేస్తే నేలకూ గోడకూ పోయే అదురు తగ్గుతుంది. షెడ్డులో మోత మాత్రం దానివల్ల పెద్దగా తగ్గదు, అమ్మేవాడు ఏమి చెప్పినా నమ్మకు. ఆ మోతకు కొంత కారణం పైనున్న రేకు. చప్పుడును మింగకుండా తిరిగి మనమీదకే విసురుతుంది. రేకు కింద రంధ్రాల షీటు వేసి దాని వెనక గాజు ఉన్ని పరిస్తే తేడా తెలుస్తుంది. చవక అని కొబ్బరి పీచు చాపలు మాత్రం కట్టవద్దు. నూలు నూగు వాటికి పట్టి ఎండాకాలం ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటాయి.

నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టే పనిని మగ్గాల మధ్య పెట్టకుండా ఇటుక గోడ అవతల, తలుపు వేసి ఉండే గదిలో పెట్టు. ఆ పని ఆడవాళ్లది, వాళ్ల వెంట పిల్లలు ఉంటారు. మగ్గం పక్కన ఉయ్యాల కట్టి బిడ్డను నిద్రపుచ్చడం నేను నా కళ్లతో చూశాను. నీ షెడ్డులో అది జరగకూడదు.

ఇవన్నీ చేసినా చప్పుడు 85 లోపుకు రాదు కనుక చెవిలో ప్లగ్గులు తప్పవు. దూది పెట్టుకుంటే చాలదు, దానివల్ల తగ్గేది బహు స్వల్పం. మెత్తని ఫోమ్ ప్లగ్గును శుభ్రమైన చేతులతో సన్నగా చుట్టి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగి, లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టి ఉంచాలి. సరిగా కుదిరితే తన గొంతు తనకే బరువుగా, కుండలోంచి వచ్చినట్లు వినిపిస్తుంది. నలుగురికీ నువ్వే పెట్టి చూపించు. ప్యాకెట్టు మీద 30 డెసిబెల్స్ తగ్గిస్తుందని అచ్చువేసినా షెడ్డులో అందులో సగం దొరికినా గొప్పే. పైగా 8 గంటల్లో అర గంట తీసి తిరిగినా, 30 రక్షణ ఇచ్చే ప్లగ్గు 12కు మించి పనిచేయనట్లే లెక్క. మాట్లాడాలనుకుంటే షెడ్డు బయటకు రమ్మను, లోపల తీయవద్దను.

ప్లగ్గు పెట్టుకుంటే మగ్గం నడకలో వచ్చే తేడా చెవికి తెలియదని కుర్రవాళ్లు అంటారు. ప్లగ్గు మోతనూ తేడానూ కలిపే తగ్గిస్తుంది కనుక వినికిడి బాగున్నవాడికి కొద్ది రోజుల్లోనే ఆ తేడా పట్టుబడుతుంది. నావంటి దెబ్బతిన్న చెవికే కష్టం.

పనిలోకి దింపక ముందే నలుగురికీ, నీకూ ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించు. రుయా ఆసుపత్రి చెవి, ముక్కు, గొంతు విభాగానికి తీసుకురా. ఆ ముందు 14 గంటలు ఏ పెద్ద చప్పుడులోనూ ఉండకూడదు, లేకపోతే అలసిన చెవిని చూసి తప్పుడు లెక్క వస్తుంది. ఆ కాగితం దాచి ఏడాదికొకసారి మళ్లీ చేయించి పక్కపక్కన పెట్టి చూడు. అందులో 4,000 హెర్ట్జ్ దగ్గర గీత కిందికి దిగిందంటే ఆ కుర్రవాడిని కండెల గదికి మార్చు, కూలి తగ్గించకుండా.

మగ్గాలు వచ్చే తేదీ తెలిసిన వెంటనే మీ అమ్మ చేత చెప్పించకుండా ఫోనులో రాసి పంపు. నేను ముందు రోజే బస్సెక్కి వచ్చి, గోడ ఎక్కడ లేపాలో సుద్దముక్కతో నేల మీద గీసి చూపిస్తాను. అప్పటిదాకా తాపీ మేస్త్రీని ఆపి ఉంచు.

ఇట్లు,
నీ మేలు కోరే
మామయ్య