పాత కార్ ఆంప్లిఫైయర్‌లో పోయిన స్క్రూల బదులు ఏవి వేయాలి?

సెకండ్ హ్యాండ్ ఆంప్లిఫైయర్‌ని బాగు చేస్తున్నారు, సగం స్క్రూలు లేవు, వరంగల్‌లో ఏం అడిగి కొనాలన్నది మీ ప్రశ్న. ముందు మిగిలిన స్క్రూ ఒకటి ఊడదీసి జేబులో వేసుకుని షాపుకెళ్లండి. ఎం3, ఎం4 (3, 4 మి.మీ. లావు స్క్రూల) నట్లలో ఏదైనా దానికి చివరిదాకా సాఫీగా ఎక్కితే మెట్రిక్కే, అంటే మి.మీ. కొలతే. జపాన్, కొరియా, చైనా సెట్లు ఎక్కువగా ఇవే.

చిక్కంతా పాత అమెరికా సెట్లతోనే. వాటిలో చాలావరకు అంగుళాల కొలత, అంటే 6-32, 8-32 (మొదటి అంకె లావు నంబరు, 32 అంటే అంగుళానికి 32 మర చుట్లు). 8-32 లావు 4.17 మి.మీ. కాబట్టి ఎం4 సరిపోయినట్టే అనిపిస్తుంది. కానీ దాని మర చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం 0.79 మి.మీ., ఎం4ది 0.7. 8-32 రంధ్రంలో ఎం4 రెండు చుట్లు తిరిగి బిగుస్తుంది. అక్కడ బలవంతం చేస్తే అల్యూమినియం మర పోయినట్టే. 6-32కి వెతుకులాట అక్కర్లేదు: పాత డెస్క్‌టాప్ క్యాబినెట్ పక్క రేకుకి ఉండే స్క్రూలు సాధారణంగా అవే. హన్మకొండలో కంప్యూటర్ రిపేర్ చేసేవాళ్లని అడగండి, ఊరికే ఇచ్చినా ఇస్తారు.

పొడవు మాత్రం అసలుదానికి మించొద్దు. మొన బోర్డుకి తగిలితే షార్టే. ట్రాన్సిస్టర్ల స్క్రూ కింద ప్లాస్టిక్ బుష్, వెనక మైకా ముక్క (కరెంటు బాడీకి తగలకుండా అడ్డుండేవి) ఉంటే వాటిని తప్పకుండా తిరిగి పెట్టాలి. పైకి కనిపించే చోట స్టెయిన్‌లెస్ అలెన్ స్క్రూలు (తలలో ఆరు పలకల గుంట ఉండేవి) బాగుంటాయి, కాకపోతే తేమకి అల్యూమినియంలో పట్టేస్తాయి. మరకి కాస్త గ్రీజు రాయండి.